పెంచలయ్య: పేరుకు అర్థం, నేటి వాడుక

బెంగుళూరు నుంచి మీరు పంపిన ప్రశ్నను శ్రద్ధగా చదివాను. మీ తాతగారి పేరు పెంచలయ్య. ఆ పేరును మీకు పుట్టిన మగబిడ్డకు పెట్టాలని మీ నాన్నగారి పట్టుదల. అది పాతకాలపు పేరని, పైగా ఫలానా కులం వాళ్ళు పెట్టుకునే పేరని మీ అత్తగారి వైపు వారి అభ్యంతరం. బిడ్డది స్వాతి నక్షత్రం నాలుగో పాదం కనుక ‘త’ అక్షరంతో పేరు రావాలని పంతులుగారి మాట. వీటన్నిటి నడుమ, అసలు ఈ పేరుకు ‘పెంచి పోషించే అయ్య’ అన్నదే అర్థమా అని మీ సందేహం. రాపూరు, పొదలకూరు వైపు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో తెలుగు పండితుడిగా పనిచేసి, అడ్మిషన్ రిజిస్టర్లు, పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే విద్యార్థుల జాబితాలు) రాసి రాసి పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక ఈ పేరుతో నాకు చాలాకాలపు పరిచయం ఉంది. తెలిసినంత వరకు చెబుతాను.

ముందుగా అర్థం సంగతి. ‘పెంచు’ అన్న క్రియకు ‘అయ్య’ చేరి పెంచలయ్య అయిందని మన పల్లెల్లో చాలామంది అనుకుంటారు, వినడానికీ బాగానే ఉంటుంది. కాని ఆ లెక్కన పేరు ‘పెంచయ్య’ కావాలి, నడుమ ‘ల’కారం రావడానికి ఏ ఆధారమూ లేదు. ఈ పేరు పుట్టింది ఒక కొండచరియలో. నెల్లూరు జిల్లా రాపూరు మండలంలో, వెలిగొండల పాదాన ఉన్న పెంచలకోనలో వెలసిన లక్ష్మీనరసింహస్వామికి పెనుశిల లక్ష్మీనరసింహస్వామి అని పేరు. ఆ ‘పెనుశిల’ జనం నోట నలిగి ‘పెంచల’ అయింది, దానికి గౌరవార్థకమైన ‘అయ్య’ చేరి పెంచలయ్య అయింది. పెనుశిల మీద వెలసిన అయ్య, అంటే నరసింహస్వామి అన్నమాట. తిరుపతయ్య, తిరుమలయ్య, కొండయ్య అన్న పేర్లు ఎలా ఏర్పడ్డాయో ఇదీ అలాగే ఏర్పడింది. దేవుడి పేరును నేరుగా తీసుకోకుండా, ఆ దేవుడు ఉన్న చోటికి ‘అయ్య’ను తగిలించి బిడ్డకు పెట్టుకోవడం మన వాళ్ళకు ఎంతో కాలంగా ఉన్న అలవాటు.

పెనుశిల అన్న మాటకు కోనలో చెప్పుకునే కథ ఒకటి, భాష చెప్పే అర్థం ఒకటి ఉన్నాయి. హిరణ్యకశిపుణ్ణి చంపిన తరువాత కూడా ఉగ్రం చల్లారని స్వామి ఈ వెలిగొండల్లో తిరుగుతుండగా చెంచుల ఆడపడుచు చెంచులక్ష్మి ఎదురుపడిందని, ఆమెను వరించి, ఆమెతో పెనవేసుకుని శిలగా వెలిశాడని, ఆ పెనవేసుకున్న శిలే పెనుశిల అని స్థలపురాణం. ఈ పెళ్ళి సంగతి విని అలిగిన ఆదిలక్ష్మి అమ్మవారు ఏటికి అవతల నిలిచిపోయిందని చెబుతారు. నేటికీ ఆమె గుడి స్వామి గుడికి ఎడంగా, విడిగానే ఉంది. ఆలుమగల కోపతాపాల కథ ఇంత స్పష్టంగా గుళ్ళ అమరికలోనే కనబడే క్షేత్రాలు తక్కువ. కణ్వమహర్షి తపస్సు చేసిన చోటు కూడా ఇదేనని, ఆయన పేరు మీదనే కండలేరుకు ఆ పేరు వచ్చిందని అంటారు. నేడు చెన్నై నగరానికి తెలుగుగంగ నీళ్ళు వెళ్ళేది ఆ కండలేరు మీద కట్టిన జలాశయం నుంచే.

భాష ప్రకారం చూస్తే ‘పెను’ అంటే పెద్ద. పెనుగాలి, పెనుతుపాను, పెనుభూతం అన్న మాటల్లో ఉన్నది ఈ విశేషణమే. కనుక పెనుశిల అంటే పెద్ద బండ. నన్ను అడిగితే మూలంలో ఉన్న అర్థం ఇదేనని, ‘పెనవేయు’ అన్న మాటతో ధ్వని కలవడం వల్ల చెంచులక్ష్మి కథ దానికి అల్లుకుందని అంటాను. ఇది నా అభిప్రాయం మాత్రమే. కోనకు పోయే భక్తుడికి ఈ చర్చతో పనిలేదు, మీరు బిడ్డకు రేపు ఏ అర్థం చెప్పుకున్నా తప్పు కాదు.

పెనుశిల పెంచల ఎలా అయిందన్నది కొంచెం వివరంగా చెప్పవలసిన సంగతి, ఎందుకంటే ‘శిల’ నుంచి ‘చల’ ఎలా వస్తుందని చదువుకున్నవారే అడుగుతుంటారు. సంస్కృత పదాల్లోని ‘శ’ తెలుగులోకి వచ్చేసరికి తరచు ‘స’ అవుతుంది. అలా శిల సిల అయింది. ‘పెను’లోని ఉకారం మాటల వేగంలో జారిపోతే ‘పెన్‌సిల’ మిగులుతుంది. అనుస్వారం తరువాత వచ్చే ‘స’ ‘చ’గా మారడం తెలుగుకు కొత్త కాదు: హంస నుంచి అంచ వచ్చింది, రాజహంస రాయంచ అయింది, కాంస్యం కంచు అయింది. అదే దారిలో పెన్‌సిల పెంచిల అయి, చివరకు పెంచల అయిందని నేను అనుకుంటాను. మా ప్రాంతపు పెద్దవాళ్ళు ఇప్పటికీ ‘పెంచిలయ్య’ అనే పలుకుతారు. అది పల్లెటూరి పలుకుబడి అని బళ్ళో దిద్దే ఉపాధ్యాయులను చూశాను గాని, ఆ ఇకారం శిలలోని ఇకారమే, దిద్దవలసినది ఏమీ లేదు. అన్నట్టు, ఈ పేరున్న పిల్లవాణ్ణి తోటివాళ్ళు బళ్ళో ‘పెన్సిల్’ అని ఏడిపించడం తరతరాలుగా వస్తున్నదే. మీవాడికీ అది తప్పదు. అప్పుడు వాడికి చెప్పండి, ఏడిపించేవాళ్ళు తెలియకుండానే వాడి పేరును ఒక మెట్టు వెనక్కు తీసుకుపోతున్నారని.

ఇక ఈ పేరు ఇంతగా వ్యాపించడానికి కారణం మొక్కుబడి. సంతానం కోసం కోనకు పోయి మొక్కుకోవడం, శనివారం నాడు అక్కడ నిద్ర చేయడం, బిడ్డ పుడితే కోనలోనే తలనీలాలు ఇచ్చి స్వామి పేరు పెట్టుకోవడం నెల్లూరు పడమటి మండలాల్లో చిరకాలంగా ఉన్న ఆచారం. మగబిడ్డ అయితే పెంచలయ్య, ఆడబిడ్డ అయితే పెంచలమ్మ. వైశాఖమాసంలో నరసింహజయంతికి జరిగే బ్రహ్మోత్సవాలకు పోయి వచ్చినవారి ఇళ్ళల్లో ఈ పేరు కనీసం ఒకరికైనా ఉంటుంది. మొక్కుకు తోడు తాత పేరు మనవడికి పెట్టే ఆచారం కూడా కలవడంతో పేరు తరం విడిచి తరం తిరిగి వస్తుంది: పెంచలయ్య కొడుకు నరసయ్య, నరసయ్య కొడుకు మళ్ళీ పెంచలయ్య. మా అడ్మిషన్ రిజిస్టర్లలో ఒకే తరగతిలో ముగ్గురు పెంచలయ్యలు ఉన్న సందర్భాలు ఉండేవి. హాజరు పిలిచేటప్పుడు ఇంటిపేరు కలిపి పిలిచేవాళ్ళం. ఇంటిపేరు కూడా ఒకటే అయితే పెద్ద పెంచలయ్య, చిన్న పెంచలయ్య అని పిల్లలే విడదీసుకునేవారు. మూడోవాడికి ఊరి పేరో మిట్ట పేరో తగిలేది. రిజిస్టరులో మాత్రం ముగ్గురి పేర్లూ ఒకేలా ఉండేవి కాబట్టి, తండ్రి పేరు గడిని, పుట్టుమచ్చల గడిని చూసి గాని టీసీ (బదిలీ పత్రం) రాసేందుకు చేయి ఆడేది కాదు.

ఈ పేరు ఎక్కడ దట్టంగా వినబడుతుందో, ఎక్కడ పలచబడుతుందో గమనిస్తే కొండ ప్రభావం ఎంతవరకో తెలుస్తుంది. రాపూరు, పొదలకూరు, వెంకటగిరి, గూడూరు, ఆత్మకూరు వైపు పెంచలయ్యలు ఎక్కువ. కొండకు ఆవల ఉమ్మడి కడప జిల్లా చిట్వేలు, రాజంపేట వైపు కూడా వీరు కనబడతారు. జానపద గీతాలతో పేరు పొందిన పెంచల్ దాస్ ఆ కడప జిల్లా వారే. అదే ఉత్తరంగా కందుకూరు, కనిగిరి, పామూరు వైపు పోయేకొద్దీ పెంచలయ్య తగ్గి మాలకొండయ్య మొదలవుతాడు. అక్కడి కొండ వేరు. కందుకూరుకు దగ్గరలో వలేటివారిపాలెం మండలంలోని మాలకొండ మీద కూడా లక్ష్మీనరసింహస్వామే ఉన్నాడు. వారంలో ఒక్క శనివారం నాడే గుడి తలుపులు తీస్తారు. మిగతా రోజుల్లో ఋషులు పూజలు చేసుకుంటారని నమ్మకం. ఆ కొండ పేరు మీద మాలకొండయ్య, మాలకొండమ్మ, మాలకొండారెడ్డి, మాలకొండరాయుడు ఉన్నారు. కొండ పేరునే సంస్కృతం చేసి మాల్యాద్రి అని పెట్టుకున్నవారూ ఉన్నారు. 2018లో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు డీజీపీగా పనిచేసిన అధికారి పేరు మాలకొండయ్య, 2014లో బాపట్ల నుంచి లోక్‌సభకు వెళ్ళిన సభ్యుడి పేరు శ్రీరామ్ మాల్యాద్రి. ఇంకా తీరానికి పోతే సింగరాయకొండ వైపు సింగయ్యలు, పడమటగా మార్కాపురం వైపు చెన్నకేశవస్వామి వల్ల చెన్నయ్యలు, చెన్నకేశవులు, నెల్లూరు దగ్గర జొన్నవాడ కామాక్షమ్మ పేరు మీద కామాక్షయ్యలు కనబడతారు. కసుమూరు దర్గాకు మొక్కుకుని పుట్టినందున హిందువుల ఇళ్ళల్లోనూ మస్తానయ్యలు, మస్తాన్ రెడ్డిలు ఉండడం మా జిల్లాలో ఎవరికీ వింత కాదు. కొత్త మనిషి పేరు చెప్పగానే ‘మీది కోన వైపా?’ అని మా పెద్దవాళ్ళు అడిగేది అందుకే.

మీ అత్తగారి వైపు వారి అభ్యంతరానికి జవాబు కూడా ఇందులోనే ఉంది. పెంచలయ్య ఒక కులానికి కట్టుబడిన పేరు కాదు. నెల్లూరు జిల్లాలో యానాదుల ఇళ్ళల్లో ఈ పేరు చాలా ఎక్కువన్నది నిజమే. స్వామిని చెంచుల అల్లుడిగా చెప్పుకునే కోనకు అడవిని నమ్ముకుని బతికిన వారు దగ్గరవడంలో ఆశ్చర్యం ఏముంది? కాని అదే పేరు రెడ్ల ఇళ్ళల్లో పెంచలరెడ్డిగా, మరికొన్ని ఇళ్ళల్లో పెంచలనాయుడుగా, పెంచల నరసింహంగా, పెంచల ప్రసాద్‌గా ఉంది. 1984లో నెల్లూరు రిజర్వుడు స్థానం నుంచి లోక్‌సభకు ఎన్నికైన పుచ్చలపల్లి పెంచలయ్య పేరు మా తరం వారందరికీ తెలుసు. అన్ని ఇళ్ళలోనూ మొదటి భాగం ఒకటే, చివర చేరిన మాటలోనే తేడా.

ఆ చివరి మాట విషయంలో మన జిల్లాకు ఒక మంచి ఉదాహరణ ఉంది. అలగానిపాడులో 1913లో పుట్టిన కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరరామిరెడ్డి కులాన్ని సూచించే ‘రెడ్డి’ని వదులుకుని సుందరయ్యగా జీవించారు, దేశం ఆయనను సుందరయ్యగానే ఎరుగును. అంటే ఆ రోజుల్లో ‘అయ్య’ అనేది కులం చెప్పని ముగింపుగా, అందరికీ చెల్లే గౌరవంగా నిలిచింది. ‘అయ్య’ ఉంటే పేరు పాతబడుతుందని, ఉద్యోగాలకు అడ్డమని అనేవారికి ఇంకో సంగతి గుర్తు చేయవచ్చు: 2017 నుంచి 2022 వరకు ఉపరాష్ట్రపతిగా ఉన్న వెంకయ్యనాయుడుగారు కూడా ఈ జిల్లా చవటపాలెంలో పుట్టినవారే. ఢిల్లీకి వెళ్ళినా ఆయన పేరులోని ‘అయ్య’ అలాగే ఉంది. అభ్యంతరం నిజంగా ‘పాత’ అన్నదాని గురించే అయితే దానికి మార్గాలున్నాయి, కింద చెబుతాను. ‘వాళ్ళ పేరు’ అన్నదాని గురించే అయితే మాత్రం, దానికి తలవంచి తాతగారి పేరును వదులుకోవడం నాకు సమ్మతం కాదు.

నక్షత్రం విషయం తేలిక. పంతులుగారు చెప్పినది తప్పు కాదు. స్వాతి పాదాలకు రూ, రే, రో, త అన్నవి అక్షరాలు, నాలుగో పాదానికి ‘త’ వస్తుంది. ‘పే’ అక్షరం చిత్త మొదటి పాదానిది కనుక ఆ లెక్కన పెంచలయ్య కుదరదు. అయితే మన ధర్మశాస్త్ర గ్రంథాలు బిడ్డకు ఒక్క పేరే ఉండాలని చెప్పలేదు. దేవతానామం, మాసనామం, నక్షత్రనామం, వ్యావహారిక నామం అని నాలుగు విధాల పేర్లు చెప్పాయి. అక్షరం చూసి పెట్టేది నక్షత్రనామం మాత్రమే. పెంచలయ్య అన్నది ఇలవేల్పు పేరు, దేవతానామం. కనుక బారసాల నాడు పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో పేర్లు రాసేటప్పుడు, ‘త’తో మొదలయ్యే నక్షత్రనామం ఒకటి రాసి, దాని కింద తాతగారి పేరు రాయమని పంతులుగారితో చెప్పండి, ఆయన కాదనరు. పైగా నరసింహస్వామి జన్మనక్షత్రం స్వాతే. వైశాఖ శుద్ధ చతుర్దశి నాడు స్వాతి నక్షత్రంలో ఆయన అవతరించాడని చెబుతారు. స్వాతిలో పుట్టిన బిడ్డకు కోన స్వామి పేరు పెట్టడం కన్నా తగిన పని ఏముంటుందని మీ నాన్నగారు అడిగితే, పంతులుగారి దగ్గర కూడా జవాబు ఉండదు.

ఇక ఏ రూపంలో పెట్టాలన్నది. నేను చూసినంతలో ఇప్పటి తల్లిదండ్రులు మూడు నాలుగు దారులు పోతున్నారు. కొందరు ‘పెంచల్’ అని కుదిస్తారు. అచ్చుతో ముగిసే భాషలో పుట్టిన పేరును హల్లు దగ్గర నరికినట్టు ఉండి నాకు అది రుచించదు గాని, వాడుకలో నిలబడిన రూపమేనని ఒప్పుకుంటాను. కొందరు వెనక్కు వెళ్ళి ‘పెనుశిల’ అనే పెడతారు. అర్థం దృష్ట్యా అది శుద్ధమైనదే అయినా, మగపిల్లవాడికి పిలుపు పేరుగా కుదరదు. ఇంకొందరు పెంచలయ్యను ఒక పొడి అక్షరంగా మార్చి ‘పి. కార్తీక్’ అని రాయిస్తారు. నాలో ఉన్న గుమాస్తా దీనికి అసలే ఒప్పుకోడు. ఆ ‘పి’ ఇంటిపేరో, తండ్రి పేరో, తాత పేరో పదేళ్ళ తరువాత ఎవరికీ తెలియదు, పాస్‌పోర్టు దరఖాస్తులో పొడి అక్షరాలను విప్పి రాయమన్నప్పుడు గొడవ మొదలవుతుంది.

నా సలహా అయితే పెంచల అన్న భాగాన్ని మొదట పూర్తిగా నిలిపి, దాని పక్కన మీకు ఇష్టమైన చిన్న పేరు ఒకటి చేర్చడం. పెంచల తేజ, పెంచల తరుణ్ వంటివైతే పంతులుగారి ‘త’ కూడా వచ్చేస్తుంది, అత్తగారి వైపు వారికీ పాతదనం కనిపించదు. బెంగుళూరులో బళ్ళో రెండో భాగంతో పిలుస్తారు, ఊరికి వచ్చినప్పుడు మొదటి భాగంతో పిలుస్తారు. మీ నాన్నగారు పూర్తి ‘పెంచలయ్య’ ఉండి తీరాలంటే అదే పెట్టండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. కాకపోతే ఇంట్లో పిలవడానికి ఇంకో పేరు తప్పనిసరి అవుతుంది. ఎందుకంటే మీ తాతగారు మీ అమ్మగారికి మామగారు. మామగారి పేరు నోటితో పలకడం, పైగా ఆ పేరుతో బిడ్డను కసురుకోవడం ఆ తరం వారికి చేతకాదు. ‘తాత పేరు పెట్టుకుని తిట్టగూడదు’ అని మా ఇళ్ళల్లో అనే మాట మీకూ తెలిసే ఉంటుంది. అందుకనే ఇలాంటి బిడ్డలను ‘తాతా’ అనో ‘అబ్బయా’ అనో పిలుస్తూ పెంచుతారు, అసలు పేరు బడిలో వేసేదాకా బయటికి రాదు.

చివరగా నమోదు సంగతి. దీనిని చాలామంది తేలికగా తీసుకుంటారు. జననాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి, కాని పేరు అప్పుడే రాయించి తీరాలన్న నిబంధన లేదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పేరు లేకుండా నమోదు చేయించి, 12 నెలల లోపు రుసుము లేకుండా, ఆ తరువాత 15 ఏళ్ళ వరకు ఆలస్య రుసుముతో పేరు చేర్పించుకోవచ్చు. కాబట్టి మీ ఇంట్లో మాట కుదిరే వరకు తొందరపడి ఏదో ఒకటి రాయించకండి. 2023లో చట్టాన్ని సవరించిన తరువాత, ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి బడిలో చేరడానికి, పాస్‌పోర్టుకు, ఓటరు జాబితాకు పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువీకరణ పత్రమే ఆధారం. దానిలో పడిన అక్షరాలే మీవాడి వెంట జీవితమంతా నడుస్తాయి.

ఇంగ్లీషు అక్షరాల విషయంలో ఈ పేరు మరీ ఇబ్బంది పెడుతుంది. చివరి ‘అయ్య’ను కొందరు ‘ఏ ఐ ఏ హెచ్’ అని, కొందరు ‘ఏ వై వై ఏ’ అని, ఇంకొందరు ‘ఏ ఐ వై ఏ’ అని రాస్తారు. నడుమ ‘పెంచిల’ అని పలికేవారి ఇళ్ళల్లో ‘ఏ’ బదులు ‘ఐ’ పడుతుంది. పదో తరగతి మెమోలో ఒక రకంగా, ఆధార్‌లో మరో రకంగా పడి, ఉద్యోగం వచ్చిన తరువాత సర్టిఫికెట్ల పరిశీలన దగ్గర ఆగిపోయి, సవరణ కోసం ప్రధానోపాధ్యాయుడి సంతకానికి, అక్కడి నుంచి డీఈవో (జిల్లా విద్యాశాఖాధికారి) కార్యాలయానికి, ప్రభుత్వ పరీక్షల సంచాలకుల కార్యాలయానికి తిరిగిన పూర్వవిద్యార్థుల అర్జీలు నా చేతి మీదుగా ఎన్నో పోయాయి. మీ తాతగారి పట్టాదారు పాసుపుస్తకంలో ఎలా ఉందని చూడనక్కరలేదు, బిడ్డకు అది అవసరం రాదు. మీ దంపతులిద్దరూ కూర్చుని ఒక రూపం ఖాయం చేసుకుని, ఇంటిపేరును పూర్తిగా విడిగా, సొంత పేరును విడిగా, రెండు భాషల్లోనూ తెల్లకాగితం మీద రాసి ఆ కాగితాన్నే నమోదు కార్యాలయంలో ఇవ్వండి. నోటితో చెప్పి రాయించవద్దు. బెంగుళూరు కార్యాలయంలో గుమాస్తా తన చెవికి వినబడినట్టు రాసుకుంటాడు. పత్రం చేతికి రాగానే అక్కడే నిలబడి అక్షరం అక్షరం సరిచూసుకుని, తప్పుంటే అప్పుడే దిద్దించుకోండి.